అమెరికా పర్యావరణ న్యాయ ఆఫీసు రివ్యూ: మ్యాప్‌కి నాలుగు స్టార్లు, ఫిర్యాదుల కౌంటర్‌కి ఒకటి

మూతపడ్డ ఆఫీసుకి రివ్యూ ఏంటని అడుగుతారని తెలుసు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ, అదే ఈపీఏ, తన పర్యావరణ న్యాయ ఆఫీసులన్నిటినీ ఎత్తేస్తున్నామని 2025 మార్చిలో ప్రకటించింది, నిజమే. కానీ ఆ ఆఫీసు తయారుచేసిన మ్యాప్ ఇప్పటికీ వేరేచోట నడుస్తోంది, న్యూజెర్సీ, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలు సొంత ఏర్పాట్లు చేసుకున్నాయి, పైగా ముప్పై ఏళ్లలో ఒకసారి పేరు మారి, ఒకసారి బాగా పెద్దదై, చివరికి మూతపడ్డ ఆఫీసు ఇది, మళ్లీ ఎవరో ఒకరు తెరవరని చెప్పలేం. తెరిచేటప్పుడు ఏది ఉంచాలి, ఏది మార్చాలి అన్నది గుర్తున్నప్పుడే రాసుకుంటే మంచిది. నేనుండేది నార్త్ కరోలినాలో, మోరిస్‌విల్ పక్కన. ఈ కథ మొదలైంది మాకు చాలా దగ్గర్లో, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

ముందు అసలు సర్వీస్ ఏంటంటే. చెత్త డంపులు, రసాయన ఫ్యాక్టరీలు, మురుగునీటి ప్లాంట్లు, రోజంతా ట్రక్కులు తిరిగే రోడ్లు ఎక్కడో ఒకచోట ఉండక తప్పదు. అవి ఎప్పుడు చూసినా పేదవాళ్లు, నల్లజాతివాళ్లు, లాటినోలు, ఆదివాసులు ఉండే చోటికే ఎందుకు వెళ్తున్నాయని అడగడం, ఆ ఊళ్లకి కాస్త అండగా ఉండడం ఈ ఆఫీసు డ్యూటీ. గాలికి ఇంత, నీటికి ఇంత అని హద్దులు పెట్టే మామూలు ఈపీఏ పని వేరు. ఆ హద్దులు ఎవరి వీధిలో అమలవుతున్నాయి, ఎవరి వీధిలో గాలికి పోతున్నాయి అని చూసే పని ఇది.

మా దగ్గర లేక్ క్రాబ్‌ట్రీ అని ఒక చెరువుంది. ఆదివారం సాయంత్రం దాని చుట్టూ నడుస్తుంటే తెలుగు బాగానే వినపడుతుంది. ఆ చెరువు చేపలు తినే విషయంలో హెచ్చరికలున్నాయి, చాలామంది చూసీ చూడనట్టు దాటిపోతారు. ఎయిర్‌పోర్టు పక్కన ఒకప్పుడు వార్డ్ ట్రాన్స్‌ఫార్మర్ అనే కంపెనీ ఉండేది, పాత ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేసేవాళ్లు, వాటి నూనెలో ఉండే పీసీబీలనే విషరసాయనాలు వాగుల వెంట పారి ఇక్కడిదాకా వచ్చాయి. ఆ స్థలం 2003లో సూపర్‌ఫండ్ జాబితాకెక్కింది, అంటే కేంద్ర ప్రభుత్వం దగ్గరుండి శుభ్రం చేయించాల్సినంత పాడైపోయిన స్థలాల జాబితా అన్నమాట.

అయితే ఆ నూనెలో కొంత 1978 వేసవిలో ఇంకో దారి పట్టింది. చట్టప్రకారం వదిలించుకోవాలంటే ఖర్చు, అందుకని ట్యాంకర్‌లో నింపుకుని రాత్రిపూట రోడ్ల పక్కన వదులుకుంటూ పోయారు. 14 కౌంటీలు, దాదాపు 240 మైళ్ల రోడ్డు, సుమారు 31 వేల గ్యాలన్లు. చేసినవాళ్లు దొరికారు, శిక్షలు పడ్డాయి, అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ రోడ్ల పక్కన మట్టంతా తవ్వి ఎక్కడో పాతిపెట్టాలి కదా. రాష్ట్ర ప్రభుత్వం అందుకు ఎంచుకున్నది వారెన్ కౌంటీలో ఆఫ్టన్ అనే పల్లెటూరు. ర్యాలీ నుంచి పైకి గంట డ్రైవ్. రాష్ట్రంలో బాగా పేద కౌంటీల్లో ఒకటి, జనంలో ఎక్కువమంది నల్లజాతివాళ్లు, నేల కింద నీళ్లు పైపైనే తగులుతాయి, తాగేది బావి నీళ్లే. విషం పాతడానికి ఆ నేల ఏ లెక్కన మంచిదో ఇప్పటికీ అర్థం కాదు. 1982 సెప్టెంబర్‌లో లారీలు వచ్చేసరికి జనం రోడ్డుకి అడ్డంగా పడుకున్నారు. ఆరువారాల్లో 500 మందికి పైగా అరెస్టయ్యారు. లారీలు మాత్రం ఆగలేదు, మట్టి అక్కడే పాతేశారు, దాన్ని శుద్ధి చేసే పని 2003కి గానీ పూర్తికాలేదు. ఖర్చు దాదాపు 1.8 కోట్ల డాలర్లు. మొదట్లో ఖర్చు తప్పించుకుందామని చేసిన పనికి చివరికి ప్రజలు కట్టిన బిల్లు ఇది.

అరెస్టయినవాళ్లలో వాల్టర్ ఫాంట్రాయ్ ఒకడు, అప్పుడు వాషింగ్టన్ డీసీ తరఫున కాంగ్రెస్‌లో ఉన్నాడు. ఆయన వెనక్కి వెళ్లి ఊరుకోలేదు, ప్రభుత్వ ఆడిట్ సంస్థతో లెక్క తీయించాడు. 1983లో రిపోర్టు వచ్చింది: ఆగ్నేయ రాష్ట్రాల్లో ప్రమాదకర వ్యర్థాల డంపులు నాలుగుంటే, మూడు నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉన్నచోటే ఉన్నాయి. 1987లో ఒక చర్చి సంస్థ దేశం మొత్తానికీ లెక్క వేసింది, ఆదాయం కంటే కూడా జాతి ఏదన్నదే డంపు ఎక్కడ పడుతుందో ఎక్కువగా చెప్తోందని తేల్చింది. హ్యూస్టన్‌లో అయితే సోషియాలజీ ప్రొఫెసర్ రాబర్ట్ బులార్డ్ 1979లోనే ఇదే పని చేశాడు, సిటీ నడిపే చెత్త డంపులు ఐదూ నల్లజాతి బస్తీల్లోనే ఉన్నాయని ఆయన లెక్కలో తేలింది. ఇంత ఒత్తిడి వచ్చాక 1992లో ఈపీఏలో ఒక చిన్న ఆఫీసు పెట్టారు. పెట్టింది రిపబ్లికన్ ప్రభుత్వమే, పెద్ద బుష్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు. ఇప్పుడు దీన్ని డెమొక్రాట్ల సరుకని తిట్టేవాళ్లు ఈ ముక్క మర్చిపోతుంటారు.

1994 ఫిబ్రవరిలో క్లింటన్ 12898 నంబరు ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. కేంద్ర ప్రభుత్వ సంస్థలన్నీ తమ పనుల వల్ల పేదల మీద, మైనారిటీల మీద పడే పర్యావరణ భారాన్ని చూసుకోవాలన్నది దాని సారాంశం. వినడానికి గొప్పగా ఉంటుంది. చివర్లో చిన్న అక్షరాల్లాంటి ఒక సెక్షన్ ఉంది, 6-609. ఇది ప్రభుత్వ శాఖల లోపలి పనితీరు బాగుచెయ్యడానికి మాత్రమే, దీనివల్ల ఎవరికీ కోర్టుకెళ్లి అడిగే హక్కు ఏదీ రాదు అని అందులో స్పష్టంగా రాసుంది. ఈ ఆఫీసు గురించి ఒక్క ముక్కే తెలుసుకోవాలంటే ఈ సెక్షన్ తెలుసుకోండి. మిగతా కథంతా ఇక్కడినుంచే వస్తుంది. అది చట్టం కాదు. ఒక అధ్యక్షుడి సంతకంతో వచ్చింది, ఇంకో అధ్యక్షుడి సంతకంతో పోతుంది, మధ్యలో బాధితుడి చేతికి ఆయుధం ఏమీ రాదు.

తర్వాత చాలా ఏళ్లు పెద్దగా చెప్పుకోవాల్సిందేమీ లేదు. కొందరు మంచి ఉద్యోగులు, చిన్నచిన్న గ్రాంట్లు, మీటింగులు. అసలు హడావుడి 2022 సెప్టెంబర్ 24న మొదలైంది. వారెన్ కౌంటీ పోరాటానికి నలభై ఏళ్లయిన సందర్భంగా అప్పటి ఈపీఏ అధిపతి మైఖేల్ రీగన్ అక్కడికే వచ్చి కొత్త ఆఫీసు ప్రకటించాడు. రీగన్ మా నార్త్ కరోలినావాడే, అంతకుముందు ఇక్కడి రాష్ట్ర పర్యావరణ శాఖ చూసినవాడు. వేరువేరుగా ఉన్న పర్యావరణ న్యాయం, పౌరహక్కుల విభాగాలని కలిపేశారు, హెడ్డాఫీసులోనూ పది ప్రాంతీయ ఆఫీసుల్లోనూ కలిపి 200 మందికి పైగా సిబ్బంది. ఆ ముందు నెలలోనే కాంగ్రెస్ పాస్ చేసిన చట్టంలో 300 కోట్ల డాలర్ల గ్రాంట్లు. దాదాపు ముప్పై ఏళ్లు మూల గదిలో కూర్చున్న విభాగానికి ఒక్కసారిగా ఇంత.

ఇప్పుడు ఒక్కో సర్వీసు ఎలా ఉందో చెప్తా. అన్నిటికంటే బాగున్నది ఈజేస్క్రీన్ అనే మ్యాప్. 2015లో జనానికి అందుబాటులోకి తెచ్చారు. ఉచితం, లాగిన్ అక్కర్లేదు. మీ అడ్రస్ కొడితే మీ చుట్టుపక్కల గాలిలో పీఎం 2.5 (ఊపిరితిత్తుల్లోకి దూరే సన్నని ధూళి) ఎంత, డీజిల్ పొగ ఎంత, ఓజోన్ ఎంత, ట్రాఫిక్ ఎంత దగ్గర, సూపర్‌ఫండ్ స్థలం ఎంత దూరం, ప్రమాదకర రసాయనాలు నిల్వచేసే ఫ్యాక్టరీ ఉందా, 1960కి ముందు కట్టిన ఇళ్లు ఎన్ని (పాత పెయింట్‌లో సీసం ఉంటుంది కాబట్టి), ఇవన్నీ చూపిస్తుంది. దాని మీదే ఇంకో పొర: అక్కడ తక్కువ ఆదాయం ఉన్నవాళ్లెంతమంది, ఇంగ్లీషు సరిగా రాని కుటుంబాలెన్ని, ఐదేళ్లలోపు పిల్లలెంతమంది. రెండు పొరలు కలిపి చూస్తే చిత్రం తెలిసిపోతుంది. మనవాళ్లు ఇల్లు కొనేటప్పుడు స్కూల్ రేటింగ్ పది సైట్లలో చూస్తారు, వాస్తు చూస్తారు, తూర్పు ముఖం కోసం ఇరవై వేల డాలర్లు ఎక్కువ పెట్టడానికి కూడా వెనకాడరు, ఈ మ్యాప్ మాత్రం చూడరు. నేను ఇల్లు వెతికినప్పుడు దీన్ని తెగ వాడాను. రియల్టర్ చెప్పని సంగతులు చాలా చెప్పింది, ముఖ్యంగా హైవేకి మరీ దగ్గరున్న టౌన్‌హోమ్‌ల విషయంలో.

లోపాలు లేవని కాదు. అది చూపించేది ఎక్కువగా పర్సంటైల్, అంటే మీ వీధి దేశంలో మిగతా చోట్లతో పోలిస్తే ఎక్కడుంది అన్నది, అసలు గాలి మంచిదా కాదా అన్నది కాదు. తొంభై చూసి కంగారుపడక్కర్లేదు, ఇరవై చూసి నిశ్చింతగా కూర్చోనూ కూడదు. పల్లెటూళ్లలో జనాభా లెక్కల యూనిట్ చాలా పెద్దగా ఉంటుంది, ఒక మూల డంపు ఉంటే ఇంకో మూలకి కూడా అదే రంగు పడుతుంది. డేటా ఒకట్రెండేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పాతది. ఇదొకటి చాలదన్నట్టు వైట్‌హౌస్ వాళ్లు 2022లో వేరే మ్యాప్ ఒకటి తెచ్చారు, ఏ ప్రాంతం వెనకబడినదో తేల్చడానికి. దానిలో జాతి లెక్క తీసుకోలేదు, కోర్టులో నిలవదని భయం. అంటే జాతి వల్లే మొదలైన గొడవకి జాతి లెక్కలోకి తీసుకోని మ్యాప్. ఒక చిన్న స్వచ్ఛంద సంస్థవాళ్లు గ్రాంటుకి అర్హత ఉందో లేదో తెలుసుకోడానికి రెండు మ్యాప్‌లూ తెరిచి కూర్చోవాలంటే టెన్షన్ రాదా మరి. అయినా ఈజేస్క్రీన్‌కి నాలుగు స్టార్లు ఇస్తా. సమాచారం ప్రభుత్వం దగ్గర ఎప్పటినుంచో ఉంది, దాన్ని మామూలు మనిషి చూసేలా పెట్టడం పెద్ద పని.

గ్రాంట్ల సంగతికొస్తే మిశ్రమ అనుభవం. 300 కోట్లలో పెద్ద వాటా కమ్యూనిటీ చేంజ్ గ్రాంట్లకి వెళ్లింది, ఒక్కొక్కటి 2 కోట్ల డాలర్ల వరకు. కానీ కేంద్ర గ్రాంటుకి దరఖాస్తు పెట్టడమంటే ముందు ప్రభుత్వ పోర్టల్‌లో రిజిస్టరై ఐడీ తెచ్చుకోవాలి, అది వారాలు పట్టొచ్చు, తర్వాత బడ్జెట్ ఫారాలు, ఆడిట్ నిబంధనలు. జీతం తీసుకునే ఉద్యోగి ఒక్కరు కూడా లేని ఊరి సంఘం ఇదంతా ఎక్కడ చేస్తుంది? ఆ సంగతి ఆఫీసువాళ్లకి తెలుసు, అందుకే దరఖాస్తు రాయడంలో సాయం చెయ్యడానికి దేశమంతా 17 కేంద్రాలు పెట్టారు, చిన్న సంఘాలకి డబ్బు పంచడానికి మధ్యలో 11 సంస్థలని పెట్టారు. ఆలోచన మంచిదే. కానీ అది కుదురుకునేసరికి రెండేళ్లు పట్టింది, చాలా గ్రాంట్లు 2024 చివర్లో హడావుడిగా ఇచ్చారు, 2025లో ప్రభుత్వం మారగానే రద్దుచేశారు. ఇంకా ఎవరికీ ఖాయం చెయ్యని డబ్బుని ఆ జూలైలో వచ్చిన కొత్త చట్టంతో కాంగ్రెస్ వెనక్కి తీసేసుకుంది.

అలాస్కాలో కిప్‌నక్ అనే ఆదివాసీ గ్రామానికి నది ఒడ్డు కోసుకుపోకుండా కట్టుకోడానికి 2 కోట్ల డాలర్ల గ్రాంటు మంజూరైంది. 2025 మే నెలలో రద్దయింది. అక్టోబర్‌లో తుఫాను వచ్చి ఊరంతా ముంచేసింది, జనాన్ని విమానాల్లో తరలించాల్సొచ్చింది. న్యాయంగా చెప్పాలంటే గ్రాంటు ఉన్నా ఆ కట్ట అక్టోబర్‌లోపు పూర్తయ్యేది కాదు. కానీ ఇచ్చిన మాట ఇలా వెనక్కి పోతుందని తెలిస్తే రేపు ఏ ఊరు దరఖాస్తు పెడుతుంది? గ్రాంట్లకి రెండున్నర.

ఇక ఫిర్యాదుల కౌంటర్. ఒక్క స్టార్, అది కూడా సున్నా ఇచ్చే వీలు లేక.

1964 నాటి పౌరహక్కుల చట్టంలో టైటిల్ సిక్స్ అని ఉంది. కేంద్ర ప్రభుత్వం డబ్బు తీసుకునే ఏ సంస్థా జాతి, రంగు, పుట్టిన దేశం ఆధారంగా వివక్ష చూపకూడదు. రాష్ట్రాల పర్యావరణ శాఖలన్నీ ఈపీఏ డబ్బు తీసుకుంటాయి కాబట్టి, వాళ్లు ఇచ్చే పర్మిట్ల వల్ల ఒక జాతివాళ్ల మీదే భారం పడుతుంటే ఈపీఏకి ఫిర్యాదు చెయ్యొచ్చు. 2001లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది, కావాలని వివక్ష చేశారని నిరూపిస్తే తప్ప ప్రభావం చూపించి ప్రజలు సొంతంగా దావా వెయ్యడం కుదరదని. అంటే బాధితుడికి మిగిలిన కిటికీ ఈపీఏ కౌంటర్ ఒక్కటే. ఆ కిటికీ ఎలా పనిచేసిందో వినండి.

మిషిగన్‌లో ఫ్లింట్ ఊరి శివార్లలో చెక్క ముక్కలు కాల్చి కరెంటు తీసే జెనెసీ ప్లాంటుకి పర్మిట్ ఇవ్వడం మీద స్థానిక ప్రార్థనా కేంద్రం 1992లో ఫిర్యాదు చేసింది. జవాబు 2017 జనవరిలో వచ్చింది. ఇరవై నాలుగేళ్లు! వచ్చిన జవాబు కూడా, ప్రజాభిప్రాయం వినే పద్ధతిలో నల్లజాతివాళ్లని వేరుగా చూశారు, నిజమే అని. ఈ మధ్యలో అదే ఫ్లింట్‌లో 2014లో తాగునీటి సరఫరా మార్చి, పైపుల్లోంచి సీసం నీళ్లలోకి దిగి, దేశమంతా తలదించుకోవాల్సొచ్చింది. మొదటి ఫిర్యాదుని సీరియస్‌గా తీసుకుని ఉంటే ఆ ఊరివాళ్ల మాటకి అధికారులు కొంచెం ఎక్కువ విలువిచ్చేవాళ్లేమో, నాకైతే అలాగే అనిపిస్తుంది.

ఇదొక్క కేసే అనుకోకండి. 2011లో ఈపీఏనే డెలాయిట్ అనే కన్సల్టింగ్ కంపెనీతో ఆడిట్ చేయించుకుంటే, 247 టైటిల్ సిక్స్ ఫిర్యాదుల్లో 20 రోజుల గడువులోపు తీసుకోవడమో తిరస్కరించడమో తేల్చినవి 6 శాతం మాత్రమే అని తేలింది. విచారణ పూర్తి చెయ్యడం కాదండీ, తీసుకుంటామా లేదా అని చెప్పడమే. మన మండలాఫీసులో ఫైలు కదలట్లేదని తిట్టుకుంటాం గానీ, ఇది అమెరికా.

మా రాష్ట్రంలోనే ఇంకో కేసు ఉంది. తూర్పు వైపు డూప్లిన్, శాంప్సన్ కౌంటీల్లో పందుల ఫారాలు విపరీతం. పందుల పేడ, మూత్రం అంతా పైకప్పు లేని పెద్ద గుంటల్లో నిల్వచేసి, నిండాక పొలాల మీద స్ప్రే చేస్తారు. గాలి వాలుని బట్టి ఆ తుంపర పక్కిళ్ల మీద, ఆరేసిన బట్టల మీద పడుతుంది. చుట్టుపక్కల ఎక్కువగా నల్లజాతివాళ్లు, లాటినోలు, ఆదివాసులు. 2014లో మూడు సంస్థలు కలిసి ఫిర్యాదు చేశాయి. 2017 జనవరిలో ఈపీఏ రాష్ట్రానికి గట్టి లేఖ రాసింది, 2018లో రాష్ట్రం రాజీకొచ్చింది, గాలి నీళ్ల పరీక్షలు, ఫిర్యాదుల పద్ధతి బాగుచెయ్యడం లాంటివి ఒప్పుకుంది. నాలుగేళ్లలో తేలింది కాబట్టి ఈ కౌంటర్ స్టాండర్డ్‌లో ఇది సూపర్ ఫాస్ట్. కానీ స్ప్రే చేసే పద్ధతిని మాత్రం ఆ ఒప్పందం ఆపలేదు.

2022లో ఆఫీసు పెద్దదయ్యాక కూడా పరీక్ష వచ్చింది, లూసియానాలో. బాటన్ రూజ్, న్యూ ఓర్లీన్స్ మధ్య మిసిసిపీ నది వెంట దాదాపు 85 మైళ్లు పెట్రోకెమికల్ ప్లాంట్లే, జనం దాన్ని క్యాన్సర్ ఆలీ, అంటే క్యాన్సర్ సందు, అంటారు. అక్కడ నియోప్రీన్ రబ్బరు తయారుచేసే డెంకా ప్లాంటు క్లోరోప్రీన్ అనే రసాయనం వదిలేది, దానికి క్యాన్సర్ తెచ్చే గుణం ఉండొచ్చని ఈపీఏనే చెప్పింది, కాస్త దూరంలో ఎలిమెంటరీ స్కూలు ఉండేది. ఫిర్యాదు మీద విచారణ మొదలైంది, 2022 అక్టోబర్‌లో రాష్ట్రానికి ఘాటైన లేఖ వెళ్లింది, ఈసారి ఏదో జరుగుతుందని అందరూ అనుకున్నారు. 2023 మేలో లూసియానా రాష్ట్రం ఈపీఏ మీదే కేసు వేసింది. జూన్ చివరికల్లా ఈపీఏ విచారణ వదిలేసింది. కోర్టులో ఓడిపోతే టైటిల్ సిక్స్ అధికారం మొత్తం పోతుందన్న భయం వల్లే అని చాలామంది అర్థం చేసుకున్నారు, నేనూ అలాగే అనుకుంటున్నా. కానీ ఎప్పుడూ వాడని అధికారం ఉంటే ఎంత, పోతే ఎంత? 2024లో లూసియానాలోని ఫెడరల్ కోర్టు ఆ రాష్ట్రం వరకు ఎలాగూ చేతులు కట్టేసింది.

అసలు పనిచేసిన ఉదాహరణ ఒకటి చెప్పకపోతే అన్యాయం. అది ఈపీఏది కాదు, న్యాయశాఖది. అలబామాలో లౌండ్స్ కౌంటీ నేల నల్లటి బంకమన్ను, నీళ్లు ఇంకవు, మామూలు సెప్టిక్ ట్యాంకు పనిచెయ్యదు, పనిచేసే రకం పెట్టాలంటే పేదవాళ్ల వల్ల కాదు. దాంతో పైపు పెట్టి మురుగు ఇంటి వెనక వదిలేసేవాళ్లు. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో పరీక్షించిన 55 మందిలో 19 మందికి కొంకిపురుగుల ఆనవాళ్లు కనిపించాయి, పేద దేశాల జబ్బనుకునేది అమెరికాలో. ఆరోగ్యశాఖ ఏం చేసిందంటే, ట్యాంకు లేదని ఆ జనం మీదే కేసులు పెట్టే పద్ధతి నడిపింది. క్యాథరిన్ కోల్మన్ ఫ్లవర్స్ అనే ఆవిడ ఏళ్ల తరబడి పోరాడాక న్యాయశాఖ విచారణ చేసి 2023 మేలో రాష్ట్రంతో ఒప్పందం చేయించింది: కేసులు ఆపాలి, ఎక్కడ పరిస్థితి ఘోరంగా ఉందో లెక్క తియ్యాలి, ట్యాంకులు పెట్టే ప్లాన్ వెయ్యాలి. పద్దెనిమిది నెలల్లో అయిపోయింది. ఇలా ఉండాలి సర్వీస్ అంటే. 2025 ఏప్రిల్‌లో ఆ ఒప్పందాన్నీ రద్దుచేశారనుకోండి.

మూసివేత మాత్రం చాలా వేగంగా జరిగింది, ఈ ఆఫీసు చరిత్రలో గడువులోపు అయిన పని ఇదొక్కటే అనిపించేంత. 2025 జనవరి 21న క్లింటన్ ఉత్తర్వు రద్దు. ఫిబ్రవరి 5న ఈజేస్క్రీన్ మాయం. ఆ మర్నాడు 168 మంది ఉద్యోగులు సెలవు మీద ఇంటికి. మార్చిలో కొత్త అధిపతి లీ జెల్డిన్ ఆఫీసులన్నీ ఎత్తేస్తున్నట్టు ప్రకటన. 6-609 సెక్షన్ గురించి పైన చెప్పాను కదా.

న్యూజెర్సీ వాళ్లు ఇంకో రకంగా చేశారు, పోలిక కోసం చెప్తున్నా. 2020 సెప్టెంబర్‌లో అసెంబ్లీలో చట్టమే చేశారు. చెత్త కాల్చే ప్లాంట్లు, పెద్ద మురుగు ప్లాంట్లు, డంపులు లాంటి ఎనిమిది రకాలకి, అప్పటికే భారం ఎక్కువున్న ప్రాంతంలో కొత్తగా పెట్టాలంటే మొత్తం ప్రభావం చూడాలి, మిగతా చోట్ల కంటే ఎక్కువ భారం పడుతుందని తేలితే పర్మిట్ నిరాకరించాలి. "చూడొచ్చు" కాదు, "నిరాకరించాలి". తప్పనిసరి ప్రజావసరమైతేనే మినహాయింపు. కేంద్రం ఆఫీసుకి ఎన్నడూ లేనిది ఈ ఒక్క మాటే. నా ఫిర్యాదు ఒకటుంది, భారం ఎక్కువున్న ప్రాంతం అనడానికి 35 శాతం పేద కుటుంబాలు, లేదా 40 శాతం మైనారిటీలు, లేదా 40 శాతం ఇంగ్లీషు సరిగా రాని ఇళ్లు, ఏదో ఒకటి చాలు. ఆ లెక్కన ఎడిసన్‌లో మనవాళ్లు రెండు టెస్లాలు పెట్టుకుని ఉండే వీధులు కూడా లిస్టులోకి వచ్చేస్తాయి. న్యూవార్క్ నగరంలో ఐరన్‌బౌండ్ అనే బస్తీలో చెత్త కాల్చే ప్లాంటు పక్కన ఉండేవాళ్లకీ వీళ్లకీ ఒకే ముద్ర. అయినా అది సరిదిద్దుకోగల లోపం. నాలుగున్నర స్టార్లు.

మన దగ్గర సంగతి అడుగుతారు కాబట్టి క్లుప్తంగా. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది, చెరువులూ పొలాలూ పాడైన రైతులు ఏళ్లకొద్దీ తిరిగారు. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి శుద్ధి ప్లాంటు నుంచి వచ్చే నీళ్లని పరీక్షిస్తే లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది, మందు మింగిన మనిషి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన మార్కుల్లో పటాన్‌చెరు, విశాఖ రెండూ 70 దాటి అత్యంత కలుషిత జాబితాలో చేరాయి. కానీ ఆ మార్కులు పారిశ్రామిక వాడకి, అక్కడ ఉండేదెవరో, వాళ్ల పరిస్థితేంటో అందులో ఉండదు. ఈజేస్క్రీన్ లాంటి మ్యాప్ మనకి కచ్చితంగా కావాలి. అదే సమయంలో మన ఎన్జీటీ, అంటే జాతీయ హరిత ట్రిబ్యునల్, 2010 చట్టంతో వచ్చింది, 2020 మేలో విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో గ్యాస్ లీకైతే మర్నాడే 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చెయ్యమని ఆదేశించింది. తర్వాత అమలు సంగతులు ఎలా ఉన్నా, ఫ్లింట్ వాళ్లు ఇరవై నాలుగేళ్లు కాచుకున్న కిటికీ కంటే ఇది నయం. అమెరికాలో అన్నీ మనకంటే బాగుంటాయనుకునే మా ఫ్రెండ్స్‌కి ఇది చెప్తే నమ్మరు.

మొత్తంగా ఈ ఆఫీసుకి రెండున్నర స్టార్లు. సిబ్బందిని తప్పుపట్టను, ఊళ్లకి వెళ్లి ఓపిగ్గా వినేవాళ్లన్న పేరు వాళ్లకి ఉంది. వద్దు అని చెప్పే అధికారం ఇవ్వకుండా కూర్చోబెడితే వాళ్లు మాత్రం ఏం చేస్తారు.

చివరగా వాడాలనుకునేవాళ్లకి. ఈపీఏ తీసేసిన మ్యాప్‌ని కొందరు పరిశోధకులు, స్వచ్ఛంద సంస్థలు కలిసి మళ్లీ నిలబెట్టారు, ఈజేస్క్రీన్ అని వెతికితే దొరుకుతుంది, పనిచేస్తోంది. డేటా 2024 దగ్గర ఆగిందని గుర్తుపెట్టుకోండి, ఆ తర్వాత వచ్చిన గోడౌన్, డేటా సెంటర్ అందులో కనపడకపోవచ్చు. కాలిఫోర్నియాలో ఉంటే ఆ రాష్ట్రం మ్యాపే వాడండి, ఇంతకంటే మెరుగు. ఇల్లు కొనేముందు ట్రాఫిక్, డీజిల్, సూపర్‌ఫండ్ ఈ మూడూ చూడండి. తాగునీళ్ల విషయానికి మాత్రం ఈ మ్యాప్‌ని నమ్ముకోవద్దు, నీళ్లు సరఫరా చేసేవాళ్లు ఏటా జూలై 1లోపు క్వాలిటీ రిపోర్టు ఇవ్వాలి, అది అడిగి చదవండి. ఊరికి దూరంగా సొంత బావి ఉన్న ఇల్లయితే ఆ రిపోర్టు కూడా ఉండదు, మీరే ల్యాబ్‌లో టెస్టు చేయించుకోవాలి.